కోయభాష: ధ్వనులు, వ్యాకరణము, తెలుఁగుతోడి చుట్టఱికము

ఓరుగల్లు జిల్లా యని చిరకాలము ఒక్క పేరఁ బిలువఁబడిన సీమ 2016వ సంవత్సరమున విభజింపఁబడి జనగామ, మహబూబాబాదు, జయశంకర భూపాలపల్లి మొదలగు జిల్లాలయ్యెను. 2019లో భూపాలపల్లినుండి ములుగు వేఱుపడెను. ఈ సీమలోఁ బడమటనుండి తూర్పునకుఁ బోవువానికి భాషలు అంచెలంచెలుగా వినఁబడును. జనగామ మెట్టపొలములలోని గ్రామములది తెలుఁగు. అచ్చటనుండి మహబూబాబాదుదాఁక తండాలలో లంబాడీ. గూడూరు, కొత్తగూడ, గంగారము, బయ్యారము అడవులు మొదలుకొని మేడారము, ఏటూరునాగారముల మీఁదుగా గోదావరి యొడ్డువఱకుఁ గోయగూడెములు. లంబాడీ ఆర్యభాషాకుటుంబమునకుఁ జేరినది, రాజస్థానప్రాంతపు భాషలకు దగ్గఱిది. దానిని విన్నవా రెవ్వరును దెలుఁగని భ్రమపడరు. కోయభాషకు మాత్రము అట్టి యదృష్టము లేదు. దాని పదములు సగము తెలిసినట్లును, సగము చెడినట్లును దోఁచుటచే, అది తెలుఁగును సరిగాఁ బలుకలేనివారి మాట యని బడిపంతుళ్లలోఁ బలువురు తలంచుచున్నారు. బాలవ్యాకరణము నేర్చినవారు దానిని గ్రామ్యములోఁ జేర్చి యూరకుందురు.

గ్రామ్య మనఁగా లక్షణవిరుద్ధమైన తెలుఁగు. కోయభాషకు లక్షణమే వేఱుగా నున్నచో అది గ్రామ్య మెట్లగును? ఈ ప్రశ్నకు సమాధానము భాషయొక్క వర్ణములలోను, ప్రత్యయములలోను వెదకవలసినదే కాని, మాటాడువాని వేషమును జూచి నిర్ణయింపఁదగినది కాదు.

ముందుగా భాష యొక్క కుటుంబము. 1870 తరువాతి దశకములలో దుమ్ముగూడెమున నుండిన జాన్ కెయిన్ అను క్రైస్తవబోధకుఁడు కోయలను గూర్చియు వారి మాటను గూర్చియు ఇండియన్ ఆంటిక్వెరీ పత్రికలో వ్రాసెను. గ్రియర్సను నడపిన భారతభాషాపరిశీలనములో 1906లో వెలువడిన నాలుగవ సంపుటమునందు స్టెన్ కోనో పండితుఁడు కోయను గోండీభాషకు ఉపభాషగా వర్ణించెను. గోదావరితీరమునందలి గొమ్ముకోయల భాషకు స్టీఫెన్ టైలరు రచించిన వ్యాకరణము 1969లో వెలువడినది. గొమ్ము అనఁగా ఏటియొడ్డు. గుట్టలపై నుండువారు గుట్టకోయలు. 2005 తరువాత బస్తరు ప్రాంతమునందలి కలహములకు జడిసి గోదావరి దాఁటి వచ్చి ఈ యడవులలో నివసించుచున్న గుత్తికోయలచేఁ గోయ గోండీమాండలికములు ఈ ప్రాంతమున మఱికొన్ని వినఁబడుచున్నవి. 2011 జనగణనములో దేశమంతటను గోయ తమ మాతృభాష యని చెప్పినవారు 4,07,423 మంది. ఈ లెక్కలో తెలంగాణముతోఁ బాటు ఆంధ్ర, ఛత్తీస్‌గఢ, ఒడిశా రాష్ట్రములవారును గలరు.

ఇఁక వర్ణముల సంగతి. అచ్చులు తెలుఁగునందువలెనే హ్రస్వదీర్ఘములతో నున్నవి. ఎ, ఒ లకు హ్రస్వములు గలవు కాఁబట్టి తెలుఁగులిపి ఈ భాషకుఁ జక్కఁగా నొదుగును. దేవనాగరి యంతగా నొదుగదు. మహాప్రాణములు దేశ్యపదములలో లేవు. ఇంతవఱకు విశేష మేమియు లేదు. అసలు విశేషము తెలుఁగుపండితుఁడు మిక్కిలి శ్రమపడి నేర్చు రెండు సంగతులయొద్ద నున్నది: ఒకటి అరసున్న, రెండవది శకటరేఫము.

వాఁడు, వీఁడు, మూఁడు అను పదములలోని యరసున్న నేఁడు పలుకఁబడదు. బడిపుస్తకములనుండి తొలఁగి చాలకాలమైనది. దానిని నిలుపుకొన్నవారు సైతము పూర్వకవిప్రయోగములను బట్టి నిలుపుకొనుటయే కాని చెవి సాక్ష్యమిచ్చుటచేఁ గాదు. కోయవాఁడు ‘వాఁడు’ అనుటకు ‘ఓండు’ అనును. ‘మూఁడు’ అనుటకు ‘మూండు’ అనును. తెలుఁగునఁ గంటికి మాత్రమే గోచరమగు సున్న కోయనోట నిండుగాఁ బలుకుచున్నది. రేనాటిచోళుల శాసనములలో ‘వాన్ఱు’ అని పలుకఁదగిన రూపమును వ్రాయుటకు నకార శకటరేఫముల కలయికను దెలుపు ప్రత్యేకాక్షరమే యుండెను. ఆ శాసనములు సుమారు పదునాలుగువందల యేండ్లనాఁటివి. ఆ నాఁటి తెలుఁగునందుండి తరువాత మనుఁగుచు వచ్చిన యనునాసికము ఎట్టిదో తెలియఁగోరువాఁడు శాసనపు నకలును మాత్రమే గాక గూడెములోని కోయముదుసలిని గూడ నాశ్రయింపవచ్చును.

ఓండు, వాఁడు అను రెండును ఒక్క మూలమునుండి పుట్టినవి. అకారముతో మొదలయి ‘అవన్ఱు’ అని యూహింపఁదగిన మూలరూపమున తెలుఁగు తొలియచ్చును వకారము వెనుకకుఁ ద్రోసి ‘వా’ చేసినది. కోయ ‘అవ’ రెంటిని గలిపి ‘ఓ’ చేసినది. బహువచనమున తెలుఁగు ‘వారు’, కోయ ‘ఓరు’. అవ యనునది ఓకార మగుట సంస్కృతప్రాకృతములు చదివినవారికిఁ గ్రొత్త గాదు. అవ యను ఉపసర్గ ప్రాకృతమున ఓకార మగుట వారెఱిఁగినదే. అట్టి మార్పును ప్రాకృతమున లక్షణ మనియు, కోయయందు ఉచ్చారణదోష మనియుఁ జెప్పుట న్యాయము గాదు.

శకటరేఫమునకు ఉదాహరణముగా ‘ఏఱు’ అను పదమును జూడుఁడు. తెలుఁగున నిది నదికిఁ బేరు, ఔపవిభక్తికరూపము ఏటి. ఏటూరు అను గ్రామనామమునందలి తొలిభాగ మీ ఏటి యే కాఁబోలు. కోయలో ‘ఏరు’ అనఁగా నీరు. పిల్లవాఁడు ‘ఏరు’ కావలె నన్నప్పుడు వానికి దాహ మని తెలియవలెను. ఒడిశాకొండలయందలి కుయిభాషలో నీటికి ‘ఏజు’ అందురు. రేఫ జకారములకు చెలిమి యెక్కడిదని యడుగవచ్చును. ఱకారము మొదట దంతమూలమునఁ బుట్టిన స్పర్శవర్ణ మనియు, అది తెలుఁగు ఔపవిభక్తికములందు టకారముగను, కుయియందు జకారముగను, మఱికొన్నింట రేఫముగను బరిణమించిన దనియు భాషాతత్త్వవేత్తలు నిర్ణయించిరి. ఏఱు-ఏటి, నూఱు-నూటి అను రూపములలో టకార మేల వచ్చునని యడిగిన విద్యార్థికి సూత్రమును జూపుటయే గాక కారణమును గూడఁ జెప్పఁగలుగుట ఈ సోదరభాషల సాహాయ్యముననే.

‘లోను’ అను పద మిట్టిదే. కోయలో లోను అనఁగా ఇల్లు. తెలుఁగున ఇల్లు, లోను రెండును గలవు, కాని రెండవది ‘లోపల’ యను నర్థమున నిలిచినది. ఉకారముతో మొదలగు మూలపదమున అచ్చునకును హల్లునకును దావులు మాఱుటచే నీ లకారాదిరూప మేర్పడెను. ద్రావిడభాషలలో పదాదిని లకార రేఫములు నిలువ వన్న నియమమును తెలుఁగును, గోండీకోయలును, కుయి కువి మొదలగు భాషలును యీ వర్ణవ్యత్యయముచే దాఁటినవి. తమిళమునకుఁ గాని కన్నడమునకుఁ గాని యీ లక్షణము లేదు.

కోయధ్వనులలో మిక్కిలి రసవత్తరమైన విషయము పదాదిసకారలోపము. మూలద్రావిడమునఁ బదాదిని ఒక చకారముండెను. అది గోండీమాండలికములలో ఉత్తరపశ్చిమములందు సకారముగను, నడుమ హకారముగను, దక్షిణమునఁ గోయలయొద్దకు వచ్చుసరికి లోపించియుఁ గానవచ్చును. ఉప్పునకు ఒకచో సోవర్, మఱొకచో హోవర్, ఇంకొకచో ఓవర్. ఆఱునకు సారుంగు, హారుంగు, ఆరుంగు. ఇచ్చుటకు సీ, హీ, ఈ. ఒక పదమును బట్టుకొని సాత్పురాకొండలనుండి గోదావరిదాఁక నడచినచో దారిలో దాని తొలిహల్లు అరిగి యరిగి మాయమగుట స్పష్టముగా వినఁబడును. విశాఖమన్యపు కొండభాషలో నేఁటికిని ‘సీ’ యే; కువిభాషలో ‘హీ’. ఉప్పు, ఆఱు, ఇచ్చు అను తెలుఁగుపదములు సైతము ఈ మార్గముననే వచ్చినవి. తెలుఁగు ఆ సకారమును గ్రంథములు పుట్టకమునుపే పోఁగొట్టుకొన్నది.

స-హ-లోపక్రమము సంస్కృతజ్ఞులకుఁ బరిచితమే. సప్త యనునది ప్రాచీనపారసీకశాఖయగు అవెస్తాభాషలో హప్త. సింధు వచ్చట హిందు. మన విసర్గము పదాంతసకారముయొక్క నీడ. కోయలయందు విచిత్ర మేమనఁగా, ఈ మార్పు ఒక్క పెట్టున జరుగలేదు. ఒకే గ్రామమున ఒకే మనుష్యుఁడు ఒక పదమును సకారముతోను, ఇంకొక దానిని హకారముతోను బలుకుట గోండీసీమలో నున్నది. భద్రిరాజు కృష్ణమూర్తి ఈ మాండలికముల పదములను సేకరించి, మార్పు పదపదమునకుఁ బాఱుచు తుదకు అన్నింటిని గ్రమ్ముకొనుచున్న దని 1998లో ప్రకటించిన వ్యాసమున నిరూపించెను. ధ్వనిపరిణామము నిరపవాద మన్న పాశ్చాత్యసిద్ధాంతమునకును, మన లక్షణకర్తలు ‘బహుళము’ అని వదలివేసిన స్థలములకును నిది యొక వంతెన. బహుళమన్నచోట ఒకప్పుడు కార్యము ప్రవర్తించును, ఒకప్పుడు ప్రవర్తింపదు, ఒకప్పుడు వికల్పించును. అట్టిచోట లక్షణకర్త చేతులెత్తివేసినాఁ డని పరిహసించువారు, అతఁడు నడుచుచున్న మార్పును నడుమఁ బట్టి వర్ణించెనేమో యని యాలోచింపవలెను. గోండీయే దానికి సాక్ష్యము.

లేదు అనుటకుఁ గోయలో ‘ఇల్లె’. తమిళము ఇల్లై, కన్నడము ఇల్ల. తెలుఁగు లేదు. ఇచ్చట తెలుఁగే యొంటరి. వర్ణవ్యత్యయముచే లకారమును ముందునకుఁ దెచ్చినది. ఉత్తరగోండీలో నిదియు సకారముతో ‘సిల్లె’. కోయ యంతయుఁ దెలుఁగుయొక్క చెడుగే యైనచో, ఈ ‘ఇల్లె’ చెడినది ఏ తెలుఁగుపదమునుండి?

ప్రత్యయములకు వత్తము. బహువచనమునకు తెలుఁగున లువర్ణము. గోండీకోయలలో కకారమును, అనునాసికముతోఁ గూడిన కకారమును ప్రధానములు. ఇది యన్యమని తోఁచును. కాని మ్రాను, కొలను అను పదములకు మ్రాఁకులు, కొలఁకులు అని బహువచనము లేల వచ్చునో తెలుఁగు వ్యాకరణమాత్రముచేఁ దెలియదు, విశేషకార్యమని విధింపవలసినదే. ఈ కకారము పూర్వపు బహువచనప్రత్యయమే యనియు, దాని యర్థము మఱచిన తరువాత తెలుఁగు దానిపై మరల లువర్ణమును జేర్చిన దనియు భాషాతత్త్వవేత్తలు చెప్పుదురు. అనఁగా మ్రాఁకులలో బహువచనము రెండుమాఱులున్నది.

సర్వనామములలో ‘నేను’ అనుటకు ‘నన్న’, ‘నీవు’ అనుటకు ‘నిమ్మ’. తెలుఁగుచెవికి మొదటిది తండ్రిని దలఁపించును, రెండవది పండును. సంఖ్యలలో ఒకటికి ‘ఉంది’. ‘ఎన్ని యున్నవి?’ అని యడిగిన యుపాధ్యాయునికి ‘ఉంది’ యని బాలుఁడు బదులు చెప్పినచో, వాఁడు ఒకటి యని సరిగనే చెప్పుచున్నాఁడు. ఉపాధ్యాయుఁడు మాత్రము లెక్క రాదని తలంచును. పై సంఖ్యలకు, సామాన్యముగా ఎనిమిది మొదలుకొని, తెలుఁగు మాటలనే కోయలు వాడుదురు. ఇట్టి యెరువు పదములు మిక్కిలి గలవు. వానిని మాత్రమే విన్నవారికే భాష యంతయుఁ దెలుఁగని తోఁచును.

ఇఁక లింగవిచారము. బడిలో నెక్కువ కీడు కలిగించునది యిదియే కాఁబట్టి కొంత విస్తరింపవలసియున్నది. తెలుఁగులో మహత్తులు పురుషవాచకములు. మహతీవాచకములు, అనఁగా స్త్రీలను దెలుపునవి, ఏకవచనమున క్లీబముతోను బహువచనమున మహత్తులతోను జేరును. అది వచ్చెను అన్నచో ఆవు గాని ఆఁడుది గాని కావచ్చును; వారు వచ్చిరి అన్నచో పురుషులు గాని స్త్రీలు గాని కావచ్చును. ఇట్లు ఏకవచనమున నొక పంక్తిలోను బహువచనమున నింకొక పంక్తిలోను స్త్రీలను గూర్చుండఁబెట్టుట తెలుఁగునకు సహజమై పోయినది గనుక, దానియందలి వింత మనకుఁ దోఁపదు. కోయ యట్లు చేయదు. పురుషుఁ డొకఁడు ఓండు, పురుషులు పలువురు, లేదా స్త్రీపురుషులు కలిసి, ఓరు. తక్కిన దంతయు, స్త్రీలు, పశువులు, వస్తువులు, ఏకవచనమున ‘అదు’, బహువచనమున క్లీబసర్వనామమే. రెండు వచనములందును ఒక్కటే విభాగము. కుయి, కువి, కొండ మొదలగు భాషలలోను, కోలామీలోను ఇదియే పద్ధతి. వీనిలో నేది మూలద్రావిడస్థితి యను విషయమునఁ బండితులలో వాదము గలదు; కాని నియమములో పొందిక కోయది యనుట నిర్వివాదము.

క్రియాంతమునఁ గూడ నీ విభాగమే కానవచ్చును. తిన్ అను ధాతువు భూతకాలమున ‘తిత్త్’ అయి, దానిపై పురుషవాచక మగు ఓండు చేరి ‘తిత్తోండు’ అగును. తినినవాఁడు పురుషుఁడని క్రియయే చెప్పును. గ్రాంథికాంధ్రమున ‘తినెను’ అనునది వానికిని, దానికిని సమానము. ఈ విషయమునఁ గోయ తిన్నాఁడు, తిన్నది యను వాడుకతెలుఁగునకు దగ్గఱ. నిషేధమునకు గోండీలో ధాతువుపై ఓకారమును, ఆపై పురుషప్రత్యయమును జేరును. పున్ అనఁగా ఎఱుఁగు. పున్నోన్ అనఁగా ఎఱుఁగను. తినను, తినఁడు అని ధాతువునుండియే వ్యతిరేకక్రియను బుట్టించు తెలుఁగుపద్ధతితో దీని సామ్యము సులభముగాఁ గ్రహింపవచ్చును. సంస్కృతమున నట్టిది లేదు. అచ్చట నకారమను నవ్యయము వేఱుగ రావలసినదే.

సంఖ్యావాచకములకును లింగభేదము గలదు. తెలుఁగు ఇద్దఱు అనునది స్త్రీపురుషులకు సమానము. గోండీకోయలలో మనుష్యసంఖ్య పురుషులకే చెల్లును; స్త్రీలను వస్తువులవలె రెండు, మూండు అని లెక్కింతురు. ఈ నియమములతోఁ బెరిగిన బాలుఁడు తెలుఁగుబడికి వచ్చి, ‘రెండు ఆఁడపిల్లలు వచ్చినవి’ అనును. పంతులమ్మను గూర్చి ‘అది చెప్పినది’ అనును. మొదటిదానికి నవ్వు, రెండవదానికి దెబ్బ. నేఁటి తెలుఁగున స్త్రీని ‘అది’ యనుట యవమానము. ఆమె యని గాని, ఆవిడ యని గాని యనవలెను. కోయభాషలో ‘అదు’ అనుటలో నవమానము లేశమును లేదు. తల్లిని గూర్చియు బాలుఁ డట్లే యనును. వాఁడు చేసిన దంతయుఁ దన వ్యాకరణమును దెలుఁగుపదములకుఁ బట్టించుటయే. పాణినీయము చదివిన విద్యార్థి తెలుఁగున ద్వివచనమునకై వెదకినచో వానిని మూర్ఖుఁ డనము. సంస్కృతసంస్కారము గలవాఁ డందుము. గూడెపు బాలునికి అదే మర్యాద యేల లేదో చెప్పుట కష్టము.

ఈ చుట్టఱికములన్నియుఁ గలిపి చూచినచో తేలునది తెలుఁగువారు చాలకాలము గమనింపనిది. తెలుఁగు సంస్కృతజన్యము గాదని ఎల్లిసుదొర 1816లోనే చూపెను. కాల్డువెల్లు 1856లో తులనాత్మకవ్యాకరణమున గోండును, కుయిని సైతము ద్రావిడభాషలలోఁ జేర్చెను. ఐనను తెలుఁగునకు దగ్గఱిచుట్టము లెవ్వరని యడిగినచో, లిపిని బట్టి కన్నడము ననియు, సాహిత్యమును బట్టి తమిళము ననియుఁ జెప్పుట వాడుకయై యుండెను. కృష్ణమూర్తి 1961లో వెలువడిన తెలుఁగుధాతువుల గ్రంథమున వర్ణవ్యత్యయాదిలక్షణములను బరిశీలించి, తెలుఁగు గోండీ, కొండ, కుయి, కువి మొదలగువానితో నొక శాఖయని స్థాపించెను. 1978లో నీ వర్ణవ్యత్యయము సైతము పదపదమునకు వ్యాపించినదే యని చూపెను. ఈ నిర్ణయము ప్రకారము తెలుఁగుతోఁబుట్టువులు రాజసభలలో లేరు. గుట్టలపైనను, గొమ్ములయందును ఉన్నారు. ఆ కుటుంబమున గ్రంథములు వ్రాసికొన్న దొక్క తెలుఁగే యగుటచేతనే తక్కినవి మనకు తక్కువవిగాఁ దోఁచినవి.

తెలుఁగుపండితులలో నిట్టి పనికిఁ బూనినవారు లేకపోలేదు. గిడుగు రామమూర్తి పంతులు సవరలతోఁ గలసి మెలసి వారి భాష నేర్చి, 1931లో దానికి వ్యాకరణమును, 1938లోఁ గోశమును బ్రకటించెను. గ్రాంథిక వ్యావహారిక వివాదమున నే పక్షమువారైనను ఈ కృషిని గాదనఁజాలరు. సవర మన కుటుంబపుభాష గాదు, ముండాశాఖకుఁ జేరినది. దూరపువాని కింత చేసితిమి. ఇంటిచెంత నున్న కోయకు నంత చేసితిమా?

ప్రభుత్వపక్షమున నొక ప్రయత్నము జరిగినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2004లో మొదలైన మాతృభాషావిద్యాప్రణాళికలోఁ గోయ, గోండీ, కోలామీ, కువి, కొండ, సవర, బంజారా, ఆదివాసీ ఒడియా అను నెనిమిది భాషలకుఁ దెలుఁగులిపిలోఁ దొలితరగతుల పుస్తకములు సిద్ధము చేయఁబడెను. పుస్తక మొక్కటియే చాలదు. దానిని జెప్పు పంతులు బాలుని మాటలో నియమమును వినఁగలిగినప్పుడే అది పనికివచ్చును. ఓండు-వాఁడు, మూండు-మూఁడు, ఏరు-ఏఱు, ఇల్లె-లేదు అని యొక పుటలో జంటలుగా వ్రాసికొని గోడకుఁ దగిలించినను, బడిలో సగము చిక్కులు తీరును. స్త్రీబహువచనమును గూర్చి మాత్రము నోటితోఁ జెప్పవలెను: మీ యింట నిట్లందురు, తెలుఁగున నిట్లందురు, అని. తప్పు అను మాట వాడ నక్కఱలేదు.

మహబూబాబాదువైపు అనేకకోయగూడెములలో నిప్పుడు తెలుఁగే యింటిభాష. పెద్దలకు సైతము కోయ రాని గూడెములు గలవు. అట్టిచోట పని ముగిసిన దని తలంపరాదు. భాష మాఱినను వ్యాకరణపు టలవాట్లు వెంటనే మాఱవు. వారి తెలుఁగులో ‘ఆఁడవారు వచ్చిరి’ అనుటకు ‘వచ్చినవి’ వంటి ప్రయోగము నిలిచియున్నదా, ఇద్దఱు అను సంఖ్యను స్త్రీలకు వాడుదురా, పొలములకు, వాగులకు, కుంటలకుఁ బెట్టిన పేళ్లలో ఏరు, లోను వంటి పదము లున్నవా యని విచారించుటకుఁ బరికరము లేమియు నక్కఱలేదు. గూడూరు, గంగారము, తాడ్వాయి బడులలోని పండితులు సంత కూడిన దినమున నొక చిన్నపుస్తకముతోఁ గూర్చుండి, విన్న వాక్యమును విన్నట్లు, దిద్దక, పలికినవారి గూడెముపేరు, వయస్సు చేర్చి వ్రాసికొన్నచో చాలును.